సూస్తా ఉండానప్పా

నాకు సంతకం వరకే చదువు. మా ఆయన చేసే వ్యాపారం ఏమిటో పెళ్లయిన చాలా కాలానికి గాని అర్థం కాలేదు. తిరుపతిలో ఉంటాం కాబట్టి లాడ్జీతో పోల్చి చెప్పాడు.

"ఇంటర్నెట్లో అంగడి పెట్టుకున్నోళ్లకి అది ఉండేదానికి ఒక సోటు కావాల గదా. పెద్ద కంపెనీ కాడ నేను బిల్డింగు బాడిగకి తీసుకున్నట్టు. రూములు రూములుగా వీళ్లకి ఇస్తా. తలుపు తెరుసుకోకపోతే నన్ను పిలుస్తారు."

"ఆ కంపెనీ కాడికే పోవచ్చు గదా వాళ్లు. నీ కాడికెందుకొస్తారు?"

"నేను ఫోనెత్తుతా గదా," అన్నాడు.

నిజంగానే ఎత్తేవాడు. అన్నం కలిపిన చెయ్యి కంచంలోనే ఉండేది, ఎడమచేత్తో ఫోను. అవతల ఎవరైనా సరే మొదటి మాట ఒకటే: "సూస్తా ఉండానప్పా, ఫోను పెట్టద్దు." చాలాసార్లు ఏం చెడిపోయిందో ఆయనకీ తెలిసేది కాదు. ఇంకో ఫోనులో తమ్ముణ్ణి అడుగుతూ, ఈ ఫోనులో వాళ్లకి వానల గురించో, పిల్లల గురించో మాట్లాడుతూ నిలబెట్టేవాడు. పని అయిపోయాక కూడా తాను ముందు పెట్టేవాడు కాదు. వాళ్లు పెట్టిన చప్పుడు విన్నాకే పక్కన పెట్టి ముద్ద నోట్లో వేసుకునేవాడు.

పాకాల నుంచి బండి మీద వస్తూ, గుండె పట్టుకుని దారి పక్కన కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. చూసినవాళ్లు చెప్పారు, జేబులో ఫోను మోగుతూనే ఉందట.

వ్యాపారం మా మరిది చేతికి వచ్చింది. పని ఆయనకంటే బాగా వచ్చు. ఇంటర్నెట్లో ఆగిపోయిన అంగడి పేజీని ఇట్టే లేపేవాడు. ఫోనంటేనే పడదు.

"మాట్లాడతా కూసుంటే పని యాడ అయితాది వదినా? ఏం కావాల్నో రాసి పంపితే నేను సరి సేస్తా గదా."

అందుకని ఫోనుకి, తనంతట తానే ఎత్తే మిషను పెట్టాడు. అన్న పాత ఫోనులో రికార్డయిన మాటల్లోంచి ఒక ముక్క కోసి అందులో పెట్టాడు. "అన్న గొంతయితే మనోళ్లకి ధైర్యంగా ఉంటాది," అన్నాడు. నా ముందు వినిపించి, వాడూ ఏడ్చాడు.

అప్పటినుంచి ఎవరు ఫోను చేసినా ఆయనే పలికేవాడు. సూస్తా ఉండానప్పా, ఫోను పెట్టద్దు. ఆ తర్వాత లైన్లోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కాసేపు గాలి లాంటి చప్పుడు, ఆపైన అదే తెగిపోయేది. నాకెలా తెలుసంటే, మధ్యాహ్నం గిన్నెలు కడిగి నేనూ చేసేదాన్ని. ఆ గాలిలో ఆయన ఊపిరి ఉందేమోనని చెవికి గట్టిగా ఆనించుకునేదాన్ని.

రూములు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. "పేజీలన్నీ బాగానే నడస్తా ఉండాయి వదినా, ఎందుకు పోతా ఉండారో తెలీలేదు," అని మరిది తల పట్టుకునేవాడు.

వినాయక చవితి పండగైపోయాక కాణిపాకం నుంచి పూజసామాన్ల అంగడి పెద్దాయన వచ్చాడు. మా ఆయన దగ్గర మొదట్నుంచీ ఉన్న మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు.

"పండగ పూట నా అంగడి పేజీ మూతబడిందమ్మా. ఫోన్ సేస్తే నీ మొగుడు ఎత్తినాడు."

నేను మంచినీళ్లు ఇచ్చాను. గ్లాసు పట్టుకునే అన్నాడు:

"దినాలకొచ్చి అన్నం తిని పోయినోణ్ణి నేను. ఆయప్ప సూస్తా ఉండానంటే నేనేం సేసేది? పైకి పోయినా డ్యూటీ మానలేదే అని మావోళ్లు నగుతా ఉండారు. నాకు మాత్రం ఒళ్లు జల్లుమనింది. ఆయప్ప పెట్టద్దన్నాడని పెట్టకుండా శానాసేపు నిలబడినానమ్మా."

లోపలి నుంచి మరిది వచ్చాడు. "పేజీ ఆ పొద్దే లేపినాను గదన్నా."

"లేపినావని ఎవురు సెప్పినారబ్బా నాకు? పేజీ మీ అన్న ఉన్నప్పుడూ మూతబడేది. అప్పుడు మనిషి పలికేవాడు."

ఆయన వెళ్లాక మరిదితో చెప్పాను. "ఆ గొంతు తీసేయి నాయనా."

వాడు నా మొహం చూడలేదు. "దినామూ మద్దేనం ఒక ఫోనొస్తాది వదినా. మాట ఉండదు. ఆ నంబరు నీదని నాకు తెలుసు. తీసేస్తే నువ్వేమి ఇంటావు?"

"తీసేయి. నేనెత్తుతా."

ఆ గొంతు ఇంకోచోట దాస్తానన్నాడు. వద్దన్నాను. ఉంటే మళ్లీ చెవిలో పెట్టుకుంటాను, అవతల ఎవరో పిలుస్తుంటే వినబడదు.

మా ఆయన కుర్చీలో కూర్చున్నాను. సూస్తా ఉండాననే మాట మాత్రం నా నోటికి రాలేదు. చూడడానికి నాకేం తెలుసు? "ఆయన లేడప్పా. మరిది ఉండాడు, అడిగి సెప్తా, పెట్టద్దు," అనేదాన్ని. ఉన్నవాళ్లు ఉన్నారు. పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఆ మిగిలిన నలుగురితో, పెద్ద కంపెనీకి కట్టే బిల్డింగు బాడిగ గిట్టలేదు. మరిది నాయుడుపేటలో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. అందరికీ వేరే చోట్లు చూపించి, మూసేద్దామనుకున్నాం.

ఆఖరి రోజు కాణిపాకం పెద్దాయన ఫోను చేశాడు.

"ఏం కావాలన్నా? పేజీ రాలేదా?"

"అంతా బాగుండాదమ్మా. ఎత్తుతావో లేదో అని సేసినా."

"ఎత్తినా గదన్నా."

"ఎత్తినావు."

ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. అవతల అంగట్లో ఎవరో గంట కొనబోతూ మోగించి చూస్తున్నారు. గది మూలల్లోంచి మా ఆయన వింటున్నట్టే ఉంది. పెద్దాయన పెట్టేదాకా నేను పెట్టలేదు.