కౌన్సిలు కుర్చీ దిగి చెరకు చదువుకి వెళ్లిన మా బావగారు

మొన్న శుక్రవారం పొద్దున్నే ఫీనిక్స్ నుంచి బండివాడొచ్చి, "అమ్మా, మీ బావగారు పోయారు" అని గుమ్మంలోనే చెప్పేశాడు. మా అక్క భర్త ఆయన. మా చెరకు దీవి గవర్నరుగారి కౌన్సిలులో, తోటల్లో కూలికొచ్చి స్థిరపడిన మనవాళ్ల తరఫున కూర్చున్నారు, ఆ తర్వాత మోకా ఊళ్లో వ్యవసాయ కాలేజీకి పెద్దగా ఉన్నారు. ఈ రెండూ పత్రికలవాళ్లు రాస్తారు. ఆ రెంటికీ మధ్య జరిగింది మాత్రం నేనే రాయాలి. అది మా ఊరు నువెల్ ఫ్రాన్స్‌లో, నా కళ్లముందే మొదలైంది.

కౌన్సిలులో ఆయన లేచి ఫ్రెంచిలో మాట్లాడితే చెరకు తోటల దొరలు కూడా కలాలు పక్కన పెట్టి వినేవారట. ఆ ప్రసంగం పుట్టేది మాత్రం మా అక్క వంటింట్లో. ముందు తెలుగులో అక్కకి వినిపించేవారు. అక్క కూర తరుగుతూ "ఊఁ" అంటే ఆ మాట ఉండేది, మొహం చిట్లిస్తే పోయేది. "మీ అక్కకి ఎక్కనిది గవర్నరుకేం ఎక్కుతుంది, పంతులమ్మా?" అనేవారు నాతో. నేను ఊరి పిల్లలకి తెలుగు అక్షరాలు చెబుతానని అలా పిలిచి ఆటపట్టించేవారు.

కాలేజీ కావాలని కౌన్సిలులో పోట్లాడింది ఆయనే. తీరా అది వచ్చాక నడపమని ఆయన్నే అడిగారు. అంతే, కౌన్సిలు వదిలేశారు. మాకెంత కోపం వచ్చిందో! మనవాడొకడు అంత ఎత్తున కూర్చుంటే, దిగొచ్చి బడి చూసుకుంటాడా? పైగా తెరిచే రోజు దగ్గర పడుతున్నా మనవాళ్ల పిల్లాడు ఒక్కడూ చేరలేదు. ఈ ఏడు ఎవరూ రాకపోతే కాలేజీని ఇక దొరల పిల్లలకే ఉంచేస్తామని కమిటీవాళ్లు తేల్చేశారు.

ఆ రోజుల్లోనే ఒక శనివారం మా ఊరి రామభజనకి బావగారు వచ్చారు. దీపం చుట్టూ పాడుతూ తిరుగుతున్నవాళ్లు ఆగిపోయారు. మళ్లీ ఓట్లకే వచ్చారనుకుని మెళ్లో దండ వేశారు. ఒకాయన మంచినీళ్ల కొళాయి అడిగాడు, ఇంకొకాయన రోడ్డు అడిగాడు. ఆయన దండ తీసి దీపం దగ్గర పెట్టి, "ఓట్లొద్దు. మీ పిల్లల్ని పంపండి" అన్నారు.

గుంపులోంచి ఒక పెద్దమ్మ లేచింది. ఆవిడ భర్త దొరల తోటలో చెరకు కొడుతూనే పోయాడు. కొంచెం సొంత చెరకు వేసుకుని మనవణ్ణి చదివించుకుంటోంది.

"బోండ్యే, దేవుడా! ఏటి బాబూ ఈ మాట? చెరకు కొట్టి కొట్టి మా వోళ్లు పోనారు. నా మనవడు సదువుకుని మళ్లీ చెరకులోకే పోవాలా?"

బావగారు ఆవిడ దగ్గరికి నడిచారు. మెల్లగా అడిగారు.

"పెద్దమ్మా, నీ చెరకులో తీపెంతో ఎవరు చెప్తారు?"

"మిల్లు దొర సెప్తాడు."

"తక్కువంటే?"

"డబ్బులూ తక్కువే. మనకేటి తెలుసు?"

"ఆ రసం గాజుగొట్టంలో పోసి తీపి తేల్చడం నీ మనవడికి నేర్పిస్తానమ్మా. అందుకే ఆ కుర్చీ దిగాను."

"సూసి సెప్తాను" అని ఆవిడ కూర్చుంది. నా కోపమంతా ఎటు పోయిందో తెలీదు. మనిషన్నవాడు అంత పైకి వెళ్లి, అంత తేలిగ్గా దిగి రాగలడా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

సోమవారం మనవణ్ణి తీసుకుని మోకా వెళ్లిందావిడ. తోడుగా నేనూ వెళ్లాను. తరగతి గదులు చూడలేదు, గాజు సామాను చూడలేదు. నేరుగా కాలేజీ చెరకు మళ్లోకి దిగి, ఒక గడ విరిచి, పళ్లతో తొక్క చీల్చి నమలడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు పంతుళ్లు నోళ్లు తెరిచారు. ఒకాయన ఆపబోతే బావగారు చెయ్యెత్తి వారించారు. గవర్నరు ఎదుట తొణకని మనిషి, ఆవిడ నమిలి పిప్పి ఉమ్మేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"బాగుంది" అంది పెద్దమ్మ. మనవణ్ణి భుజం పట్టి ముందుకు తోసింది. మిగిలిన గడ చంకన పెట్టుకుంది.

"అదెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"ఊళ్లో ఇంటింటికీ ముక్క పెట్టాల. మిగతా పిల్లలు రావొద్దేటి?"

మేమిద్దరం స్టేషన్ దారి పట్టాం. కొంత దూరం పోయాక వెనక్కి తిరిగి చూశాను. బావగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎండలో, ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నారు.