గేటు దగ్గర నేర్చిన హిందీ

మా నాయన చెంగల్రాయుడికి ఆరు భాషలొచ్చని వీధిలో గొప్పగా చెప్పుకుంటారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి గేటు ముందు ముప్పయ్యేళ్లు నిలబడి యాత్రికుల్ని అదిలించిన మనిషి ఆయన. రూముల్లేవు, పక్కకి జరుగు, సామాను తియ్యి. ఆరు భాషల్లోనూ ఆయనకు వచ్చింది ఇంతే.

తమ్ముడు ఢిల్లీబాబు తడ దగ్గర ఫ్యాక్టరీలో తనతో పనిచేసే బీహారు పిల్లను పెళ్లి చేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. నాయన తన హిందీ అంతా ఆమె మీద ప్రయోగించాడు. వాకిట్లో నిలబడితే హటో, పక్కకి జరుగు అని. అన్నానికి కూర్చుంటే జల్దీ, తొందరగా కానీ అని. ఆమె ఏడ్చేది. ఎందుకో ఈయనకు నిజంగానే అర్థమయ్యేది కాదు. "నేనేం తిట్టినాను? ఆ పిల్ల భాషలోనే గదా మాట్లాడినాను" అనేవాడు.

నాలుగో నెలలో తమ్ముడు వేరుకాపురం మాటెత్తాడు. ఒకటో తేదీకి తడలో ఇల్లు కుదిరిందన్నాడు. ఆ సాయంత్రమే నాయన ఒక నోటుబుక్కు కొనుక్కుని, పక్క పోర్షన్లో ఉండే నా దగ్గరికి వచ్చాడు. కోడలు ఆగిపోయేలా ఒక్క మంచి మాట నేర్పమన్నాడు.

హిందీ పరీక్షలు పాసైన పాపానికి నేర్పాను. బేటీ, ఖానా ఖాయా? అమ్మా, అన్నం తిన్నావా అని. తెలుగు అక్షరాల్లో రాసుకుని ఇరవై రోజులు వల్లించాడు. మాట కుదిరేది గానీ గొంతు పైకి లేచేది. తప్పినప్పుడల్లా పుస్తకం విసిరికొట్టి, తనది ముసలి బుర్ర అని తిట్టుకునేవాడు. నేనూ తిట్టాను. జాలి పడలేదు. చిన్నప్పుడు నాచేత ఎక్కాలు ఎట్లా చెప్పించాడో నాకింకా గుర్తుంది.

ఒకటో తేదీన ఆటో వచ్చింది. కోడలు బ్యాగుతో బయటికి రాగానే నాయన ఎదురు నిలబడి ఆ మాట అన్నాడు. అరిచినట్టే వచ్చింది. ఆమె బెదరలేదు. మొదటిసారి తెలుగులో, అచ్చం ఆయన గొంతుతో చెప్పింది.

"ఈడ నిలబడొద్దు. పక్కకి జరుగు."

నాలుగు నెలలు మా ఇంట్లో ఆయన మా అందర్నీ అదిలిస్తుంటే ఆమె చెవినపడ్డ తెలుగు అదే. నాయన పక్కకు జరిగాడు.

మర్నాడు పొద్దున ఆయన నోటుబుక్కుతో మళ్లీ వచ్చి అదే పేజీ తెరిచాడు. వెళ్లిపోయాక ఇంకెందుకని అడిగాను. ఈసారి పుస్తకం విసరలేదు, తిట్టుకోలేదు.

"మాట వచ్చిందిలేమ్మా. మెత్తగా చెప్పేదే ఇంకా రాలా. వస్తాది. కొంచెం నిదానంగా నేర్పు."

సరేనని నోరు తెరిచాను. నా గొంతు కూడా పైకే లేచింది.