పద్దెనిమిది మెత్తటి బొటనవేళ్లు

టెండరుతో పాటు పంపే కంప్లయన్స్ షీటులో నాలుగు గడులుంటాయి. వరుస సంఖ్య, శాఖ పెట్టిన షరతు, దానికి మేము సరిపోతామా లేదా, ఆధారం ఏ పేజీలో ఉంది. మూడో గడిలో రాసే మాట ఎప్పుడూ ఒక్కటే: ‘కంప్లైడ్’, అంటే సరిపోతాం అని. బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక చిన్న కంపెనీలో రెండేళ్ల పాటు నా పని ఈ షీట్లు నింపడమే. మొదటి వరుసలో ఆ మాట టైపు చేసి, గడి మూలను మౌసుతో పట్టుకుని కిందికి లాగితే చివరి వరుస దాకా అదే దిగిపోతుంది. ఆ తర్వాత వెనక్కి వచ్చి, సరిపోని షరతులు ఏవైనా ఉంటే దిద్దాలి. చేరిన కొత్తలో నేను అలా వెనక్కి వచ్చేవాణ్ణి.

వీధులూడ్చేవాళ్ల కోసం వేలిముద్ర హాజరు యంత్రాలు కావాలని ఒక శాఖ టెండరు పిలిచింది. నలభై ఏడో షరతు దగ్గర ఆగాను. అది ఎవరో ఆలోచించి రాసిన షరతు. చేతిపనితో గీతలు అరిగిపోయిన వేళ్లను కూడా యంత్రం గుర్తించాలి, పనివాళ్లతో క్షేత్ర పరీక్ష జరిపి నివేదిక జతచేయాలి. మా దగ్గర యంత్రం ఉంది, పరీక్ష లేదు. గడువు ఇంకా నాలుగు రోజులు.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన గుంటూరు వైపు మనిషి, ఈ టెండర్లలోనే తల నెరిసినవాడు.

“సార్, నలభై ఏడుకి మనం పరీక్ష చేయలేదు. సరిపోము అని రాయనా?”

“రాయి. రాసి మధ్యాహ్నం నుంచి ఇంటికెళ్లి పడుకో. అది చూసినవాడు మన బిడ్డు రెండో పేజీ కూడా తిప్పడు.”

“మరి నివేదిక?”

“ఆఫీసులో ఎంతమందిమి ఉన్నాం ఇవాళ? అందరి చేతా పెట్టించు. వేళ్లు వేళ్లే కదయ్యా! ఇది బిడ్డు, కోర్టులో వాంగ్మూలం కాదు.”

ఆ రోజు వచ్చినవాళ్లం పద్దెనిమిది మందిమి. ఒక్కొక్కరి చేత మూడుసార్లు బొటనవేలు పెట్టించాను. యాభై నాలుగు సార్లూ పచ్చలైటే వెలిగింది. నివేదికలో ‘మా ఉద్యోగులు’ అని రాస్తే మేనేజరు దాన్ని ‘వినియోగదారులు’గా మార్చమన్నాడు. ‘ఆఫీసులో’ అన్నచోట ‘బెంగళూరులో’ అని మార్చింది మాత్రం నేనే, ఎవరూ చెప్పకుండానే. ఒక్క మాటా అబద్ధం కాకుండా చూసుకున్నానని అప్పుడు కాస్త గర్వం కూడా కలిగింది.

తర్వాత శాఖవాళ్ల సాంకేతిక కమిటీ ముందు యంత్రం చూపించాం. అయిదుగురు అధికారులు తమ వేళ్లే పెట్టి చూసుకున్నారు. అయిదు పచ్చలైట్లు. ఒకాయన నవ్వి తన వేలు రెండోసారి కూడా పెట్టాడు. ఊడ్చేవాళ్లను ఎవరినైనా పిలవమని ఎవరూ అనలేదు. మేమూ అనలేదు. పని మాకే వచ్చింది.

అప్పట్లో నేనుండే వీధిని ఊడ్చే ఆమెకు యాభై దగ్గర పడుతుంది. వాళ్ల పెద్దలు ఎప్పుడో మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను ఫోన్లో ఇంటికి మాట్లాడుతుంటే విని, “మనోడివేనా అప్పా?” అని ఒకసారి పలకరించింది. అప్పటి నుంచి నేను అక్కా అనేవాణ్ణి. యంత్రాలు వచ్చిన రెండు నెలలకు ఒక ఉదయం ఆమె చీపురు గోడకు ఆనించి నాకు అడ్డంగా నిలబడింది.

“నువ్వు కంప్యూటరు చదివినోడివి కదప్పా. ఆ హాజరు మిషినుకి నా మీద ఏం కోపముండాదో కొంచెం కనుక్కోని చెప్పు.”

“ఏమైంది అక్కా?”

“నా యేలు పెడితే ఎర్రలైటు. మూడు దినాలకి ఒక దినం పలుకుతాది. తక్కిన దినాలు ఈదంతా ఊడ్చినా నేను రాలేదనే లెక్క.”

విషయం అంతటితో పోయేది కాదు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లను పర్మనెంటు చేసే జాబితా ఆ ఏడాదే తయారవుతోంది. ఆమె కాంట్రాక్టులో ఇరవై రెండేళ్లుగా ఊడుస్తోంది. జాబితాలోకి ఎక్కాలంటే ఆరు నెలల హాజరు సరిపోవాలి. ఆ హాజరును మేస్త్రి రోజూ రాసుకునే పుస్తకంలోంచి కాకుండా యంత్రంలోంచే తీసుకుంటారు. అప్పటికి నాలుగు నెలలు మిగిలి ఉన్నాయి.

“పర్మినెంటు అయితే జొరమొచ్చిన నాడు పండుకోవచ్చంట అప్పా. పని పోదంట,” అంది. ఇరవై రెండేళ్లలో ఆమె అడిగింది అదొక్కటే అన్నట్టు ఉంది ఆ గొంతు.

మర్నాడు ఉదయం ఆరున్నరకు వాళ్లు హాజరు వేసే చోటికి వెళ్లాను, దాన్ని వాళ్లు పాయింటు అంటారు. ట్రాన్స్‌ఫార్మరు పక్కన మేస్త్రి యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. వరుసలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరూ బొటనవేలిని నూనె రాసిన జుట్టుకు రుద్దుకుని మరీ పెడుతున్నారు. అలా చేస్తే పలుకుతుందని వాళ్లే కనిపెట్టుకున్నారు. ఆమె కూడా రుద్దుకుంది. ఎర్రలైటు. ‘ప్లీజ్ ట్రై అగైన్’ అంది యంత్రం. మళ్లీ పెట్టింది. ఇంకోసారి.

“ఏయ్, ఊరికే దాన్ని గిల్లొద్దు మే, సిగ్గుపడతాది!” అని వెనకనుంచి ఎవరో అంటే వరుసంతా నవ్వింది.

ఆమె మేస్త్రి మీద లేచింది. “ఎదురుగా నిలబడుండాను కదా, కండ్లు కనబడవా నీకు?”

“నన్నేల సుమ్నే ఊరికే తిడతావమ్మా? నేను మేస్త్రిని, మిషిను మొగుణ్ణి కాదు.”

ఆమె వేలు చూశాను. చీపురు కర్ర ఒరుసుకునే చోట చర్మం నున్నగా మెరుస్తోంది, గీతలు లేవు. తర్వాత యంత్రం వెనక్కి తిప్పి చూశాను. మా కంపెనీ స్టిక్కరే.

ఆ రోజే మేనేజరుకు చెప్పాను. “యంత్రాలు అందాయని వాళ్లు సంతకం పెట్టేశారు. ఇక మార్చాలంటే శాఖే అడగాలి,” అన్నాడు. శాఖకు ఫోన్ చేస్తే, మార్చాలో లేదో కంపెనీయే చెప్పాలన్నారు. ఈ రెండు మాటల మధ్య మూడు వారాలు పోయాయి. చివరికి ఆ పరీక్ష నివేదిక బయటపడితే ఎవరైనా చదువుతారనిపించి, సమాచార హక్కు కింద ఆమె పేరనే అర్జీ రాశాను. ఆ కాగితాన్ని నేనే కంప్యూటర్లోంచి తీసి ఇవ్వగలిగేవాణ్ణి. అలా ఇస్తే ఇచ్చింది నేనని తెలిసిపోతుంది. అర్జీ దారి నాకు క్షేమం, అందుకే ఎంచుకున్నాను. ఆమెకు అది నెల రోజుల దారి.

అర్జీ మీద ఆమె సిరా పూసుకుని వేలిముద్ర వేసింది. ఒక్క గీత కూడా లేని నల్లటి మరక పడింది. కౌంటరులో గుమాస్తా దాన్ని చూసి, ముద్ర కొట్టి తీసుకున్నాడు.

ముప్పై రోజులు దాటాక జవాబు వచ్చింది. అందులో నలభై ఏడో షరతు ఉన్న పేజీ, దానికి జతగా నా నివేదిక ఉన్నాయి. పేర్లు వ్యక్తిగత సమాచారమట, పద్దెనిమిది పేర్ల మీదా నల్లగీతలు గీశారు. పదకొండో గీత కింద ఉన్నది నేను.

“ఏం రాసిండారప్పా?” అంది.

చదివి చెప్పాను. బెంగళూరులో పద్దెనిమిది మంది వినియోగదారులపై పరీక్ష జరిగింది, అందరి వేళ్లనూ యంత్రం గుర్తించింది.

“ఎవురా పద్దెనిమిది మంది? మా పాయింటులో ఎవుర్నీ పిలవలేదే.”

ఆ నివేదిక నాదేనని, ఆ వేళ్లు మా ఆఫీసువాళ్లవని అప్పుడు చెప్పాను. రెండు నెలలుగా తెలిసీ ఎందుకు చెప్పలేదని ఆమె అడగలేదు. “ఏదీ, చెయ్యి చూపీ,” అంది. చూపించాను. నా బొటనవేలును తన వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూసింది.

“పసిబిడ్డ యేలు మాదిరి ఉండాది. ఇది పలక్కేం చేస్తాది?” చెయ్యి వదిలేసింది. “అయితే రేపటి నుంచి నువ్వే రా అప్పా. నా హాజరు నువ్వే ఏసిపో, నేను ఊడ్చుకుంటా.”

నేను నవ్వబోయి ఆగాను. ఆమె నవ్వడం లేదు.

ఆ వారమే ఉన్నదంతా ఒక కాగితం మీద రాశాను. పరీక్ష ఎక్కడ, ఎవరితో జరిగింది, ఏ రెండు మాటలు మార్చాం, అందులో ఏది నేను మార్చాను. కింద సంతకం పెట్టి శాఖలో ఇంజనీరుకు ఇచ్చాను. కన్నడిగుడు, నా తెలుగు విని తెలుగులోనే మాట్లాడాడు. కాగితం రెండుసార్లు చదివాడు.

“నువ్వు ఇస్తే నేను తీసుకోవాల. తీసుకుంటా. ఆమేలె? తరవాత ఫైలు తెరవాల. తెరిస్తే కమిటీలో అయిదుమందినీ పిలవాల. ఇద్దరు రిటైరు, ఒకరు ట్రాన్స్‌ఫరు. వాళ్ల యేళ్లు వాళ్లు పెట్టి చూసినారు, పలికినాయి, సంతకం చేసినారు. తప్పు ఎవురిదని రాయాల నేను?”

“నాది సార్. అందులో రాశాను.”

“నువ్వెవరప్పా?” అన్నాడు, కోపం లేకుండానే. “ఒప్పందంలో నీ పేరే లేదు.”

“పోనీ, ఆమెకు మేస్త్రి పుస్తకం లెక్క తీసుకోండి.”

“జాబితా ముగిసేదాకా మిషిను లెక్కే. ఆర్డరు ఉండాది.” నా కాగితం మీద ముద్ర వేసి, ఒక నంబరు రాసి, నకలు నా చేతికిచ్చాడు.

ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. మేనేజరు తిట్టనైనా తిట్టలేదు. “మనసులో బరువు దిగిందా?” అని అడిగి, మరుసటి నెల నన్ను ఎలక్ట్రానిక్ సిటీలో ఇంకో పనికి మార్చాడు. శాఖ నుంచి నాకు జవాబు కూడా వచ్చింది. యంత్రాలను కొనుగోలుకు ముందే పద్దెనిమిది మందిపై పరీక్షించారని, నివేదిక జతచేశామని రాశారు. జతచేశారు కూడా.

జాబితా వార్డు ఆఫీసు బోర్డు మీద అంటించిన రోజు ఆమె నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అయిదేళ్లుగా ఇక్కడ ఉన్నాను కాబట్టి కన్నడం కూడబలుక్కుని చదవగలను. వెళ్లే దారిలోనే చెప్పింది. “నాది లేదంటప్పా. మేస్త్రి పొద్దున్నే చెప్పినాడు. హాజరు తక్కువంట.”

“మరి ఎందుకక్కా వెళ్లడం?”

“మావోళ్లు ఎవురెవురు వచ్చినారో వినాల కదా.”

బోర్డు ముందు నిలబడి మొదటి నుంచి చదివాను. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని వింటోంది. ఒక పేరు దగ్గర, “అది వచ్చింది మొన్న కదా, నేనే దానికి చీపురు పట్టేది నేర్పించినా,” అంది. ఇంకో పేరుకి, “ఆయమ్మకి రావాల్సిందే, మొగుడు లేడు,” అంది. మరో పేరుకు నేల చూసింది. నేను ఆగితే, పోనీ పోనీ అన్నట్టు చెయ్యి ఊపింది. ఆమె వీధులకు సంబంధించిన పేర్లన్నీ అయిపోయాయి.

“ఇంకా ఉండాయా?”

“ఉన్నాయక్కా. రెండో కాగితం ఉంది. మీ పాయింటు వాళ్లు కారు.”

“అయినా చదువు,” అంది.