మెట్ల కింది కళ్లజోళ్ల అత్తమ్మ

మా అత్తమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నా చేతిలో ఒక ఫ్రేము హీటరు గాలికి వేడెక్కి మెత్తబడి ఉంది. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చున్నాడు. పాత అద్దం పగిలింది, ఇంకో జోడు లేదు, మధ్యాహ్నం బస్సుకు తిరిగి పోవాలి. "అమ్మ పోయింది, జల్ది రా" అన్నాడు మా ఆయన ఫోన్లో. "వస్తాన్న" అని పెట్టేశాను. అద్దం సగం ఫ్రేములో ఉంది, సగం బయట ఉంది. వేడి ఆరితే ఫ్రేము బిగుసుకుపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. వేలితో నొక్కి కూర్చోబెట్టాను. చల్లనీళ్లలో ముంచి తీశాను. ముఖానికి పెట్టి చెవుల వెనుక సరిచేశాను. నన్ను చూసి "ఏమైంది బిడ్డా" అన్నాడాయన. ఏం లేదన్నాను.

"మనిషి తన కండ్లు మన చేతుల వెట్టి కూసున్నడు, సగంల లేవద్దు" అనేది అత్తమ్మ. ఇంటికి పోయే దారంతా నాకు ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. చచ్చిపోయిన రోజు కూడా నన్ను లేవనియ్యలేదు చూడండి.

వరంగల్ స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో ఒక పాత కాంప్లెక్సు ఉంది. దాని మెట్ల కింద మిగిలిన జాగా మా దుకాణం. ముందు భాగంలో నిలబడొచ్చు. లోపలికి పోయినకొద్దీ మెట్లు నెత్తి మీదికి దిగొస్తాయి, చివరికి కూర్చోక తప్పదు. ఆ చివర్న అద్దాలు అరగదీసే మిషను, దాని ముందు నేను. వాకిట్లో స్టూలు మీద అత్తమ్మ. ఆమె లేస్తే తప్ప నేను బయటికి రాలేను. ఏ అవసరానికైనా "అత్తమ్మా, జర లెవ్వు" అని అడగాలి. "ఎటు?" అని ఆమె అడిగేది. పెండ్లయిన కొత్తలో ఆ ఒక్క మాటకే నాకు కండ్లల్లో నీళ్లు తిరిగేవి. పైన మెట్ల మీద జనం దడదడ ఎక్కి దిగుతుంటే, లోకమంతా నా నెత్తి మీదుగానే ఎటో పోతున్నట్టుండేది. బతుకమ్మ పండుగకు ఆడవాళ్లు పూలు పట్టుకుని పోతుంటే, అత్తమ్మ భుజం మీదుగా కనిపించినంత చూసేదాన్ని.

దుకాణం పెట్టింది మా మామ. ఆయన ఉన్నట్టుండి పోయేనాటికి అత్తమ్మ రోజూ ఆయనకు అన్నం తెచ్చిచ్చే మనిషి మాత్రమే. ఆయన తింటున్నంతసేపు పక్కన కూర్చుని చూసిన పనితోనే ఆ తర్వాత దుకాణం నడిపింది. కొడుకు పెద్దవాడైతే తాను లేవొచ్చనుకుంది. కానీ మా ఆయన చేతికి ఓపిక లేదు. చిన్న స్క్రూ ఇచ్చి బిగించమంటే మర అరిగేదాకా తిప్పుతాడు. రెండు మూడు ఫ్రేములు విరిచి, ఆటో కొనుక్కుని హాయిగా బయటపడ్డాడు. ఇక మిగిలింది రాబోయే కోడలే.

నాకు మొదట నేర్పింది కొలత. నల్లగుడ్డు నడుమ నుంచి నల్లగుడ్డు నడుమకు ఎంత దూరమో చూడాలి. ఎదుటి మనిషికి సూటిగా కూర్చుని, స్కేలు ముక్కు మీద ఆనించి, మన కుడి కన్ను మూసి "నా ఎడమ కన్ను చూడు" అనాలి. తర్వాత ఎడమది మూసి కుడిది చూడమనాలి. అద్దం నడిమి చుక్క సరిగ్గా ఆ కొలతకు రావాలి. తప్పితే మనిషికి తలనొప్పి, మెట్టు దిగబోతే కాలు తడబడుతుంది. ఈ కొలత నేను నేర్చుకున్నది అత్తమ్మ ముఖం మీదే. మాటలు బందయిన రోజుల్లో కూడా ఒకరి కంట్లోకి ఒకరం చూడక తప్పేది కాదు. కోపంలో స్కేలు గట్టిగా ఒత్తితే "నా ముక్కేం జేసిందే నీకు" అనేది.

మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా పల్లె జనం. నెక్కొండలో రైలెక్కి వచ్చే రైతులు, హసన్‌పర్తి దిక్కు నుంచి కూలికి పోయే ఆడవాళ్లు. వాళ్లకు కొత్త జోడు పెట్టి అద్దంలో చూపించి పంపడం అత్తమ్మకు తెలియదు. "నాటేసినట్టు వంగు" అనేది. రోడ్డు వారన చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చిన ఆడమనిషి వంగితే, అత్తమ్మ కూడా పక్కన వంగి కింది నుంచి చూసేది. జోడు జారిందంటే కాడను మళ్లీ వేడి చేసి చెవి వెనుక ఇంకొంచెం వంచేది. "బురదల వడితె ఎవలు దేవుతరే" అనేది. ఆ తర్వాత "నవ్వు" అనేది. నవ్వితే చెంపలు లేస్తాయి, చెంపలు లేస్తే ఫ్రేము కదులుతుంది. అది చూసుకోవాలి. ఒకసారి ఒకామె సిగ్గుపడి "ఉత్తగ ఎట్ల నవ్వాలె" అంటే, "నీ ఇంటాయనను యాజ్జేస్కో" అంది. ఆమె పడీ పడీ నవ్వింది. అత్తమ్మ మాత్రం నవ్వకుండా ఆ చెంపలనే చూస్తూ కాడ సవరించింది. "జోడు వెట్టుకున్నట్టు యాదికి రావద్దు, గదీ పని" అనేది.

ఆ పని నా చేతికి వచ్చింది. అబద్ధమెందుకు, బాగా వచ్చింది. ఇవ్వాళ పల్లెల్లో ఎంతమంది ముక్కుల మీద నా చేతి పని ఉందో. దానికి ఆమెకు దండం పెడతాను. కానీ నేను అడిగి నేర్చుకున్న పని కాదది.

ఇంటర్ అయ్యాక నాకు నర్సింగ్‌లో సీటు వచ్చింది. అదే నెలలో పెండ్లిచూపులు. వంట వచ్చా, కుట్లు వచ్చా అని అడుగుతారని మా అమ్మ హడలిపోతుంటే, అత్తమ్మ తన కండ్లజోడు తీసి నా చేతికిచ్చింది. "మసకమసకున్నది, జర తుడిచియ్యి బిడ్డా." మా తాత జోడు రోజూ నేనే తుడిచేదాన్ని. ముక్కు మీద ఆనే చోట పట్టుకుని, ముందు నీళ్లతో దుమ్ము కడిగి, మెత్తటి నూలుబట్టతో అద్ది ఇచ్చాను. ఆమె పెట్టుకుని ఇటూ అటూ చూసి "పిల్ల నచ్చింది" అంది. పొడి కొంగుతో బరబరా రుద్దినా బాగుండేది, ఈపాటికి ఏ దవాఖానలోనో నర్సునయ్యేదాన్ని. పెండ్లయ్యాక చదివిస్తామన్నారు. అనడమైతే అన్నారు.

నా బిడ్డకు హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ సీటు వచ్చిన ఎండాకాలం సంగతి ఇక చెప్పాలి. అది మాకు అన్నం పట్టుకుని దుకాణానికి వచ్చింది. అప్పటికే అత్తమ్మ చేతులు వణుకుతున్నాయి, స్క్రూలు పట్టలేకపోతోంది. మనిషి అవసరం మళ్లీ వచ్చింది. నేను లోపల మిషను మీద ఉన్నాను. అత్తమ్మ జోడు తీసి మనవరాలి ముందుకు చాపింది. "జర తుడిచియ్యి బిడ్డా."

పొడిగా రుద్దవే తల్లీ, గోళ్లతో గీకవే అని లోపల మొక్కుకున్నాను. అది ఫోన్ మాట్లాడుతూనే జోడును ముక్కు మీద ఆనే చోట పట్టుకుంది, గ్లాసులో నీళ్లతో కడిగింది, సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి అద్దింది. ఎక్కడ నేర్చుకుంది? నా దగ్గరే కదా. నా చేతులారా దీన్ని ఈ మెట్ల కిందికి తెచ్చానని నన్ను నేను తిట్టుకున్నాను. లేచి పోయి ఆపుదామంటే దారికి అడ్డంగా స్టూలు.

అత్తమ్మ జోడు పెట్టుకుని రోడ్డు మీదికి చాలాసేపు చూసింది. "గీతలు వడ్డయ్" అంది.

"మంచిగనే తుడిచిన గద నాయినమ్మా" అంది నా బిడ్డ.

"నాకు తెలువదా? నీ చెయ్యి బరువు. నీకు ఈ పని రాదు. ఎటు పోతవో అటు పో."

అది నవ్వుకుంటూ వెళ్లిపోయింది. సాయంత్రం దుకాణం కట్టేసే ముందు నేను ఆ జోడు అడిగి తీసుకుని ట్యూబులైటు కింద వాల్చి చూశాను. ఒక్క గీత లేదు.

"గీతలేవి అత్తమ్మా?"

"ఉన్నయ్ తియ్యి" అంది, నా వైపు తిరగకుండా.

"నన్నెందుకు గట్ల అనలే మరి?"

ఆమె షట్టరు కిందికి గుంజింది. "అప్పుడు నాకు మనిషి గావాలె" అంది. "మీ మామ నన్ను ఒక్కదాన్ని జేసి పోయిండు. గా స్టూలు మీద కూసుంటే దినాం భయమయ్యేది. గందుకే నిన్ను తెచ్చుకున్న." తాళం వేసి లాగి చూసుకుని, "ఇప్పుడు నువ్వున్నవ్" అంది.

తప్పైందని అనలేదు. నేనూ మెత్తబడి కాళ్ల మీద పడలేదు. ఇద్దరం ఆటోలో పక్కపక్కన కూర్చుని ఇంటికి పోయాం. ఆ రాత్రి అన్నం మాత్రం ఆమెకు నేనే కలిపి పెట్టాను, చెయ్యి వణుకుతోందని.

ఆమె మంచాన పడ్డాక స్టూలు మీదికి నేనొచ్చాను. ఎదురుగా రోడ్డు, దారికి అడ్డం ఎవరూ లేరు. ఎటైనా పోవచ్చు. కానీ జోడు విరిగిన మనిషి ఒకరు లేచేలోపు ఇంకొకరు వచ్చి కూర్చుంటున్నారు. ఇంట్లో ఆమె అడిగేది, "ఇయ్యాల ఎవలొచ్చిన్రు, వంగవెట్టి చూసినవా?" చూశానని చెప్పేదాన్ని. మా ఇద్దరికీ అంతకంటే మాటలుండేవి కావు.

నా బిడ్డ హైదరాబాద్ నుంచి వచ్చేదాకా శవాన్ని ఆపారు. అది వచ్చాక స్నానం పోశాం. అత్తమ్మ జోడు తీసి పక్కన పెట్టారు. ముక్కుకు రెండు వైపులా నల్లగా రెండు గుంటలు. పైనుంచి నీళ్లు పోస్తుంటే వాటిలో కాస్త నిలిచి కిందికి జారుతున్నాయి. మా ఆడబిడ్డ వేలితో రుద్ది చూసి, "ఇవి పోవు వదినా" అంది. నాకు తెలుసు. నాకూ జోడు వచ్చి చాలా ఏండ్లయింది, నా ముక్కు మీదా ఉన్నాయి.

నా బిడ్డ చెంబు కింద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని కొంగుతో తుడిచాను. కండ్లు తుడిచి, చెంపలు తుడిచి, ముక్కు దగ్గర ఆగాను. నున్నగా ఉంది. ఎక్కడా గుంట లేదు.

"ఏం జూస్తాన్నవమ్మా" అంది.

బొటనవేలితో అక్కడ ఇంకోసారి నిమిరాను.