నది ఆటలో మునిగిన ఊళ్ళు

ఊళ్ళో సగం లిఫ్టులకు ప్రాణం పోసేది అతనే అయినా, తను ఉండే మేడకు మాత్రం లిఫ్టు లేదు. మూడో అంతస్తులో ఒంటి గది. వారం పొడుగునా ఎవరెవరి లిఫ్టుల నెత్తినో కూర్చుని తాళ్ళకు గ్రీజు పూసి, అడుగున గోతుల్లోకి దిగి నీళ్ళు తోడి, చివరికి తన గదికి తను మెట్లెక్కి చేరేవాడు. కింది వాటాలో ఉండే ముసలాయనకు అదో తమాషా. "దీపం కింద చీకటంటే ఇదేనయ్యా లిఫ్టాయనా" అనేవాడు, అతను మెట్ల మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా. మొదట్లో అతను నవ్వేవాడు. తర్వాత్తర్వాత నవ్వడానికీ ఓపిక లేక చెయ్యి ఊపి ఊరుకునేవాడు.

అందరూ లిఫ్టాయన అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. మనిషికి నలభై దాటి ఎంతో కాలేదు గానీ మోకాళ్ళకు మాత్రం అరవై నిండాయి. మరమ్మతు అతని పనిలో సగమే. మిగతా సగం మాటలు. అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళు లోపల గోల పెడుతుంటే తలుపు సందు దగ్గర నోరు పెట్టి, "నేనిక్కడే ఉన్నానండీ, ఎక్కడికీ పోను, కాస్త కూర్చోండి" అని నిదానంగా చెప్తూ ఉండాలి. ఆ విద్యలో అతన్ని మించినవాడు లేడని కంపెనీలో పేరు. అంత మాటకారి ఇంటికి రాగానే గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. రోజంతా ఖర్చయిన మాటలు ఇంట్లోవాళ్ళకు మిగిలేవి కావు. భార్య అడిగినదానికి ఊ, ఆ. కొన్నేళ్ళకు ఆమె అడగడం మానేసింది. ఆపైన ఇద్దరూ విడిపోయారు. కొట్టుకున్నది లేదు, తిట్టుకున్నది లేదు, మధ్యలో మూడో మనిషి లేడు. చుట్టాలకు అదే కొరుకుడు పడలేదు. చెప్పుకోవడానికి ఒక గట్టి కారణమైనా లేకుండా కాపురం ఎలా పోతుందని ఆశ్చర్యపోయారు. పోతుంది మరి, చడీచప్పుడూ లేకుండా.

విడిపోయినప్పుడు సామాను పంచుకున్నారు. ఫ్రిజ్జు ఆమెకు, పెద్ద బల్ల అతనికి. పంచడానికి కుదరనివి రెండే మిగిలాయి. ఒకటి కూతురు, రెండోది నది ఆట.

కూతుర్ని అతను పిట్ట అంటాడు. పిట్ట కాలు విరిగి కట్టుతో మంచమెక్కినప్పుడు, పిల్లకు పొద్దుపోవాలని తెచ్చిన ఆట అది. పెట్టెడు సామగ్రి. బల్లంత అట్ట, దాని మీద ఒక నది, నది ఒడ్డున ఊళ్ళు. నదికి వరద వస్తూ ఉంటుంది. ఆడేవాళ్ళు ఒకరి మీద ఒకరు గెలవడం ఉండదు. అందరూ కలిసి వరద మీద గెలవాలి, లేదా కలిసి మునగాలి. ఒక పూటలో తేలే ఆట కూడా కాదు. అధ్యాయాలుంటాయి. ఒక అధ్యాయం ముగిశాక, అంటించిన కవరు చింపి తర్వాతి కథ చదవాలి. ఊరు మునిగితే దాని మీద నల్ల స్టిక్కరు అంటించాలి, అది ఇక ఊడదు. మొదటి రోజునే ముగ్గురూ తలొక వేషం తీసుకుని కార్డుల మీద సంతకం పెట్టారు. నాన్న పడవవాడు, అమ్మ డాక్టరమ్మ, పిట్ట వంతెనల మేస్త్రీ. ఒకరు లేకపోతే ఆట లేదు, ఒకరి బదులు మరొకరు ఆడటానికీ లేదు. ఊళ్ళకు పేర్లు పెట్టింది పిట్ట. బడిలేనిపేట, కుక్కలపాలెం, లెక్కలు రానివాళ్ళ వాడ. అన్నీ ఆ వరసే.

కథ సగంలో ఉండగా ఇల్లు రెండయింది. "ఆట పూర్తి చెయ్యాలి" అని పిట్ట పట్టుబట్టింది. ఏడవలేదు, అలగలేదు, పెట్టె మాత్రం వదల్లేదు. వాళ్ళమ్మ ఒక మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే మనిషి. ఉన్న ఒక్క సెలవు ఆదివారం. చాలాసేపు ఆలోచించి అంది:

"సరే. ఆట అయ్యేదాకా ఆదివారం మధ్యాహ్నం నేనూ వస్తాను. అయ్యాక పిట్ట ఒక్కతే వస్తుంది. ఇది ముందే చెప్తున్నాను, మళ్ళీ మాట మార్చకండి."

విడిపోయాక ఆమె అతన్ని మీరు అనడం మొదలుపెట్టింది. పరాయి మర్యాద. కానీ ఆట వేడెక్కి, నీళ్ళు గట్టు దాటుతున్నప్పుడు ఆ మర్యాద మరిచిపోయేది. "నువ్వు అక్కణ్ణుంచి కదలకు, నేను వస్తున్నా" అనేది. అంతే, ఆటలో మాట. ఆ ఒక్క మాట కోసం అతను వారమంతా గోతుల్లోకి దిగి ఎక్కేవాడంటే నమ్మండి. మూడు టీ గ్లాసులు, బిస్కెట్ల పొట్లం, బల్ల చుట్టూ మూడు తలలు. కాపురం చేసినన్నాళ్ళూ ఆ ముగ్గురూ అంతగా మాట్లాడుకున్నది లేదు.

మొదటిసారి ఓడిపోయింది నిజంగానే. ఆ రోజు తెల్లవారకముందే ఒక ఆసుపత్రి లిఫ్టు ఆగిపోతే పిలిచారు. మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, చేతులకు నూనెతోనే వచ్చి ఆటకు కూర్చున్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. జనాన్ని దాటించే పడవ కార్డు చేతిలో పెట్టుకుని కూడా దాన్ని వేయడం మరిచిపోయాడు. వరద గెలిచింది. పిట్ట పుస్తకం తీసి చదివింది: ఓడినవాళ్ళు ఇదే అధ్యాయం ఇంకొకసారి ఆడాలి.

"అయితే వచ్చే ఆదివారం కూడా ఇదేనన్నమాట" అంది వాళ్ళమ్మ.

ఆమె విసుగ్గానే అంది. అతనికి మాత్రం ఎవరో ఒక ఆదివారాన్ని ఊరికే చేతిలో పెట్టినట్టనిపించింది.

అక్కణ్ణుంచి దొంగయ్యాడు. పనిలో ఒక్క బోల్టు వదులుగా వదిలి ఎరగని మనిషి, అట్ట నది దగ్గర దొంగయ్యాడు. ఆ ఆటలో ఎవరి కార్డులు వాళ్ళే చూసుకోవాలి, పైకి చూపించకూడదు. కాబట్టి పని తేలిక. "పడవ ఉందా?" అని అడిగితే "ఇంకా రాలేదు" అనేవాడు, చేతిలో పెట్టుకునే. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడటం లేదనే అనుకున్నాడు.

అయితే ఆ ఆట చేసినవాడు ఇతనికంటే ఘటికుడు. ఒక అధ్యాయంలో రెండుసార్లు ఓడితే మూడో అవకాశం లేదు. ఊరు మునుగుతుంది, కథ ముందుకే పోతుంది. అంటే ప్రతి అధ్యాయానికీ అతనికి అదనంగా దొరికేది ఒక్క వారమే. రెండోసారి గెలవచ్చు కదా అంటారేమో. గెలవాలనే చూసేవాడు, కానీ ముందు ఓటమికి గట్లు తెగి ఉండేవి, తాళ్ళ కార్డులు అయిపోయి ఉండేవి, నిజంగా ఆడినా అన్నిసార్లూ కుదిరేది కాదు. అలా బడిలేనిపేట మునిగింది. లెక్కలు రానివాళ్ళ వాడ మునిగింది. పిట్ట ప్రతిసారీ నల్ల స్టిక్కరును గోటితో జాగ్రత్తగా ఒలిచి, వంకర పోకుండా అంటించి, అరచేత్తో నొక్కేది. అప్పుడతను టీ గ్లాసు కేసి చూసేవాడు.

ఓడినప్పుడు తప్పు ఎవరిదన్న ప్రశ్న రాదు ఆ ఆటలో, తిలాపాపం తలా పిడికెడు. కానీ వాళ్ళమ్మ మాత్రం పిడికెడుతో సరిపెట్టుకునేది కాదు. "నేనే ఆ గట్టు వదిలి రాకుండా ఉండాల్సింది" అని బస్సెక్కేదాకా అనుకుంటూ పోయేది. అదొక్కటీ అతనికి గుచ్చుకునేది. గుచ్చుకున్నా మానలేదు.

చివరి అధ్యాయం వచ్చింది. ఆ ఆదివారం కూడా ఓడించాడు. ఇక ఒక్కటే మిగిలింది. ఈసారి గెలిచినా ఓడినా కథ అయిపోతుంది. తేడా అల్లా ఒకటే, ఓడితే నది ఒడ్డున మిగిలిన ఒకే ఒక్క పెద్ద ఊరు, కుక్కలపాలెం, పోతుంది. తర్వాత ఇంకో పెట్టె ఉందని, మునిగిన ఊళ్ళను మళ్ళీ కట్టే కథ అందులో ఉంటుందని అతను ఎక్కడో విన్నాడు. ఓడితేనే ఆ పెట్టె. ఓడిపోతే పిట్ట అది కావాలని అడగకపోతుందా, పిట్ట అడిగితే వాళ్ళమ్మ కాదంటుందా? వారమంతా లిఫ్టు గోతుల్లో కూర్చుని ఇదే లెక్క వేసుకున్నాడు.

ఆఖరి ఆదివారం వాళ్ళిద్దరూ ఆలస్యంగా వచ్చారు. వాళ్ళమ్మ చెప్పులు విప్పి, కుర్చీలో కూలబడి, పాదాలు నొక్కుకుంది. చీలమండలు ఉబ్బి ఉన్నాయి. రెండు బస్సులు మారి రావాలి, ఆ పైన మెట్లు. ఇన్ని ఆదివారాల్లో ఆమె కాళ్ళకేసి చూడటం అతనికి అదే మొదలు.

ఆట మొదలైంది. పిట్ట వంతెన కట్టింది. డాక్టరమ్మ పై ఊళ్ళ జనాన్ని గట్టు దాకా చేర్చింది. ఇక పడవ కావాలి. సరిగ్గా అప్పుడు మందుల షాపు నుంచి ఫోను. ఏదో మందు ఏ అరలో ఉందో అక్కడెవరికీ తెలియదట. ఆమె విసుక్కుంటూ వరండాలోకి వెళ్ళింది.

"నాన్నా, పడవ నీ దగ్గరే ఉంది" అంది పిట్ట, అట్ట మీంచి తల ఎత్తకుండా.

"ఎవరన్నారు?"

"ఎవరో అనక్కర్లేదు. ఆట అయ్యాక కార్డులు సర్దేది నేనే కదా. ఓడినప్పుడల్లా పడవ నీ చేతి కింద మిగిలే ఉంటుంది."

అతను కార్డులు బల్ల మీద బోర్లించాడు. "ఎప్పట్నుంచి తెలుసు?"

"బడిలేనిపేట మునిగిందే, అప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే అమ్మ రావడం మానేస్తుంది. మానేస్తే నువ్వేమైపోతావో అని." పిట్ట మాట మామూలుగానే ఉంది. కోపం లేదు. ఎనిమిదో తరగతి పిల్ల గొంతులో అంత నలిగిపోయిన నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాడతను. "ఇంక నావల్ల కావడం లేదు నాన్నా. శనివారం వచ్చిందంటే కడుపులో నొప్పి. అమ్మకి ఒంట్లో బాలేదంటే బతిమాలాలి. ఇక్కడికొచ్చి, నువ్వు ఓడిస్తుంటే తెలీనట్టు కూర్చోవాలి. నువ్వు ఓడించిన ఊళ్ళకి స్టిక్కర్లు నేనే అంటించాలి."

అడకత్తెరలో పోకచెక్క అంటారు. ఆ చెక్కకు నోరొస్తే ఇలాగే మాట్లాడుతుందేమో.

"ఆట అయిపోతే అమ్మ ఇంక రాదమ్మా" అన్నాడు. చిన్నపిల్లాడి మాటలా వినిపించింది అతనికే.

"నేనొస్తాను కదా" అంది పిట్ట. అప్పుడు తల ఎత్తి చూసింది. "నేనొక్కదాన్నే వస్తే నీకు చాలదా?"

ముక్కూమొహం తెలియనివాళ్ళకు తలుపు సందులోంచి గంటల తరబడి ధైర్యం చెప్పే నోరు, కన్నకూతురు అడిగినదానికి పెగల్లేదు. సిగ్గేసింది. ఇన్నాళ్ళూ అతను లెక్క పెట్టుకున్నది వాళ్ళమ్మ వచ్చే ఆదివారాలనే. పిట్ట రావడం ఏ లెక్కలోనూ లేదు, ఎలాగూ వస్తుందిలే అని. ఆ సంగతి పిల్లకు ఇన్ని రోజులూ తెలుసు. తెలిసే వచ్చింది.

వాళ్ళమ్మ ఫోను పట్టుకుని లోపలికొచ్చింది. "ఎవరి వంతు?"

"నాదే" అన్నాడతను, పడవ కార్డు తీసి అట్ట మధ్యలో పెట్టాడు.

"ఇదెప్పుడొచ్చింది నీకు?"

"ఎప్పట్నుంచో ఉంది."

ఆమె కార్డు కేసి చూసింది, అతని కేసి చూసింది, చివరికి పిట్ట కేసి చూసింది. పొద్దస్తమానం మనుషుల మొహాలు చూసి మందులిచ్చే మనిషికి అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది? కోప్పడుతుందేమోనని అతను కాచుకుని ఉన్నాడు. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "జనాన్ని ఎక్కించండి మరి, నీళ్ళు వచ్చేస్తున్నాయి" అని మాత్రం అంది.

కుక్కలపాలెం మునగలేదు. పిట్ట ఆఖరి కవరు చింపి చదివింది. వరద తీసిందని, మిగిలినవాళ్ళు ఒడ్డున బట్టలు ఆరేసుకున్నారని, అంతకుమించి ఏమీ లేదు అందులో. కార్డులన్నీ సర్ది పెట్టె మూసింది. వాళ్ళమ్మ చెప్పులు వేసుకుంటూ, వచ్చే వారం పిట్టను బస్సెక్కిస్తాననీ, స్టాపు దగ్గరికి రమ్మనీ చెప్పింది. అతను వస్తానన్నాడు. వాళ్ళు మెట్లు దిగే చప్పుడు చివరి మెట్టు దాకా విన్నాడు. అది చాలా కష్టమైంది, దాచడమెందుకు.

ఆ వారమంతా అతనికి ఒకటే బెంగ. ఆట లేకుండా పిల్లతో ఒక మధ్యాహ్నం ఎలా గడపాలి? తోటి మెకానిక్‌ను అడిగితే, "నాకిద్దరు మగపిల్లలు, ఫోన్లిచ్చి వదిలేస్తా" అన్నాడు. ఏం మాట్లాడాలో మనసులో నాలుగైదు సంగతులు కూడబెట్టుకున్నాడు. బడి గురించి ఒకటి, లిఫ్టులో చిలకతో సహా ఇరుక్కున్న ఆయన గురించి ఒకటి.

పిట్ట బస్సు దిగింది. మెట్లెక్కి వచ్చి, బ్యాగు ఒక మూల పడేసి, గదంతా ఒకసారి చూసి, "నాన్నా, కాసేపు పడుకోనా?" అంది. చీకటి పడేలోగా లేపమని చెప్పి మంచమెక్కింది. తల ఆనించిందో లేదో, నిద్ర. మామూలు నిద్ర కాదు. పెద్ద షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడే నిద్ర అది, నోరు కొంచెం తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడుతూ. చిలక కథ చెప్పాలనుకున్నవాడు నోరు మూసుకుని కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా రెండుసార్లు లేపబోయి మానేశాడు. వరండాలోకి పోయి వాళ్ళమ్మకు ఫోను చేశాడు.

"పిల్ల వచ్చినప్పట్నుంచీ పడుకునే ఉంది. లేపాలనిపించడం లేదు. లేచాక నేనే తీసుకొచ్చి దింపుతాను."

"ఇంట్లో కూడా అది సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది" అంది ఆమె. "లేపకండి."

అతను లోపలికొచ్చి, ఎండ పిల్ల మొహం మీద పడకుండా కిటికీ తలుపు దగ్గరికి వేసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.