డాక్టరుకు వంత పాడిన రోజులు

చేవెళ్ల బస్టాండు ఎదుట మేడమీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేను పాఠాలు చెప్పేదాన్ని. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు టైపు మిషన్ల మొహం చూడటం మానేశారు. ఓనరు మిషన్లను తూకానికి అమ్మేసి, గదిని సెల్‌ఫోన్ల దుకాణానికి కిరాయికిచ్చాడు. మా అన్న జాలిపడి తన ఎరువుల దుకాణంలో నాకొక కుర్చీ వేయించాడు. యూరియా బస్తాల మధ్య రోజంతా కూర్చోవడం తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

మెహదీపట్నంలో అమెరికా డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలను టేపులో విని కంప్యూటర్లో కొట్టే పని నేర్పుతున్నారని అప్పుడే తెలిసింది. నెల రోజులు శిక్షణ, చివర ఒక పరీక్ష. నెగ్గితే ఉద్యోగం, లేదంటే యూరియా. కొట్టడంలో నా వేళ్లకు తిరుగులేదు కాబట్టి దేవుడు నాకోసమే ఈ పని పుట్టించాడని పొంగిపోయాను. కొబ్బరికాయ కొట్టి మరీ బస్సెక్కాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాక ఆ పొంగు చల్లారింది. ఆ డాక్టర్లు మాటలను పలకడం లేదు, నమిలి మింగుతున్నారు. వారం గడిచినా ఒక్క వాక్యం నిండుగా చేతికి రాలేదు.

ఆ శనివారం భజన అయ్యాక, మా భజన మండలిని నడిపే పెద్దమ్మ దగ్గర మొర పెట్టుకున్నాను. ముందు ఆమె పాడేది, వెనక మేమంతా అందుకునేవాళ్లం.

"ఒక్క ముక్క ఎక్కుతలేదు పెద్దమ్మా. దేవుడు నాకు ఈ పని ఎందుకు చూపిచ్చిండో."

"స్తోత్రాలు ఎట్ల నేర్చినవే? మొదలు అర్థం అడిగినవా?"

"లేదు. నువ్వు అన్నదల్ల అన్న."

"మరి గా డాక్టరు అన్నది గూడ అను. వంత పాడేటోళ్లు పాట ఏరుకుంటరా?"

నేను ఇంటికి నడుస్తూ నవ్వుకున్నాను. చిన్నప్పటి నుంచి పురాణాలు విన్నదాన్ని, శరణాగతి మీద గంటసేపు చెప్పగలదాన్ని. కానీ ఇన్నాళ్లూ దేవుడి ముందు కూర్చుని ఫలానా పాటే పాడమని ఆయనకు చీటీ అందిస్తున్నానని అప్పటిదాకా తోచలేదు.

సోమవారం నుంచి అనడం మొదలుపెట్టాను. ఆ పనిలో కుట్టుమిషనుకున్నట్టు కాలికింద ఒక పెడల్ ఉంటుంది. తొక్కితే టేపు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. డాక్టరు ఒక ముక్క అని ఆగితే, భజనకు అలవాటుపడ్డ నోరు ఊరుకుంటుందా? ఆయన అన్నది అన్నట్టే లోగొంతుకతో అందుకునేదాన్ని. మాటల అర్థం తెలియకపోయినా వాటి ఒంపు పట్టుబడసాగింది. రెండోసారి వింటే అక్షరాలు విడివిడిగా కనిపించేవి. ఆనందం పట్టలేక ఒక టేపును ఇంటికి తెచ్చుకుని, వాక్‌మన్‌లో వేసి బస్సులో కూడా వినేదాన్ని.

పరీక్ష నాటి పొద్దున మా మండలి ఆడవాళ్లంతా అదే బస్సెక్కారు. అజీజ్‌నగర్‌లో ఎవరిదో ఫామ్‌హౌస్ గృహప్రవేశానికి భజన చేయడానికి వెళ్తున్నారు. నేను కిటికీ పక్కన వాక్‌మన్ పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. బస్సు కుదుపుకు ఏ రాగం వచ్చిందో ఏమో, "నో ఫీవర్, నో కాఫ్" అని ఎత్తుకున్నానట. నా వెనక సీట్లలో వాళ్లు అలవాటుకొద్దీ అందుకున్నారు. ఎవరో సంచిలోంచి తాళాలు తీసి వాయించారు. మొయినాబాద్ వచ్చేసరికి నిలబడ్డవాళ్లు కూడా చప్పట్లు కలుపుతున్నారు. కండక్టర్ నా భుజం తట్టాకే కళ్లు తెరిచాను.

"ఏ దేవునిదక్కా ఈ పాట? ఎన్నడు ఇనలే."

నేను సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దమ్మే అందుకుంది. "జరం లేదు, దగ్గు లేదంటున్నరు బిడ్డా. ఏ దేవుని ముంగటైనా అనొచ్చు. నువ్వు టికెట్లు కొట్టు."

బస్సంతా నవ్వింది. అజీజ్‌నగర్‌లో దిగిపోతూ ఆడవాళ్లు నా తలమీద చేయి పెట్టారు. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి పుట్టింది. పరీక్ష భయం ఎటు పోయిందో తెలియలేదు.

ఆ పారవశ్యంలోనే పరీక్షలో కూర్చున్నాను. టేపులో ఒక ముసలి డాక్టరు ఎవరిదో మోకాలి గురించి చెబుతున్నాడు. పెడల్ తొక్కాను, వదిలాను, కొట్టాను. చివరి చుక్క పెట్టి హెడ్‌ఫోన్లు తీస్తే ఎవరి కీబోర్డూ మోగడం లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. ట్రైనర్ సారు నా కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎంతసేపటి నుంచి పాడుతున్నారో తెలుసా అమ్మా?"

"పాడుతలేను సార్, డాక్టరు ఎనక అంటున్న."

"రాగంతోనా?"

నేను పెడల్‌మీంచి కాలు తీశాను. యూరియా వాసన ముక్కుకు తగిలినట్టయింది. స్వామీ, నువ్వు ఎత్తుకున్న పాటే, నువ్వే ముగించు అని మనసులో అనుకున్నాను. సారు వంగి నా స్క్రీను పైనుంచి కిందికి చదివారు. మళ్లీ పైకి వెళ్లి ఇంకోసారి చదివారు.

"మోకాలి ఎముక పేరు తప్పు. మిగతాదంతా బాగుంది. ఒకటో తారీఖు నుంచి రండి. కానీ ఈ గదిలో కాదు."

కారిడార్ చివర, జనరేటర్ గది పక్కన నాకొక బల్ల వేయించారు. జనరేటర్ మోగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. మొదటి రోజు పెడల్‌మీద కాలు పెట్టి, దేవుడికి దండం పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎవరికో పొత్తికడుపులో వచ్చిన నొప్పిని హాయిగా, నోరారా, ఎలుగెత్తి పాడాను.