శిరివెళ్ళ మలుపులో తెరుచుకున్న తలుపు

సుందరరాజు ఎవరినీ నమ్మడు. ఆదివారం చర్చిలో ప్రార్థనకు తల వంచినా ఒక కన్ను గుమ్మం బయట విడిచిన చెప్పుల మీదే ఉంటుంది. ఇంట్లో పాలు పొంగితే ఎవరో కావాలనే మంట పెంచారంటాడు. "పెండ్లినాడు నా పేరు అనిత అంటే, రేషన్ కార్డు చూపించమన్న మనిషి ఈయప్ప" అని భార్య చెప్పి అందరినీ నవ్విస్తుంది.

నంద్యాలలో అతని పని కార్ల తలుపులు బాగుచేయడం. ఆ పనికి మాత్రం అనుమానం బాగా కలిసొచ్చింది. బిగించిన ప్రతి తలుపునూ గుంజి, మళ్ళీ గుంజి చూస్తాడు. తీసేసిన పాత ముక్కను బండి యజమాని చేతిలో పెట్టి, అతని మొహంలోకి చూశాకే బండి వదులుతాడు. సామాను మార్చేశాడన్న మాట తన మీద రాకూడదు కదా!

అలాంటివాడి షెడ్డుకు ఆళ్లగడ్డ బట్టల వ్యాపారి నరసింహం పాతకాలపు స్పోర్ట్స్ కారొకటి తెచ్చాడు. రెండే సీట్లు, ఒళ్ళంతా ఫైబరే. ఏ షోకిలాల దగ్గర కొన్నాడో గానీ, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని.

"ఎడం పక్క తలుపు నిలవడం లేదప్పా. శిరివెళ్ళ దాటినాక మలుపులో దానంతటదే తెరుచుకునింది. మా అన్నపూర్ణ ఆ పక్కనే కూచోనింది. నా చొక్కా పట్టుకోని బతికింది. పాత బండి కదా, అరిగిపోయింటాది. నువ్వు మాత్రం తలుపు గట్టిగా వేయొద్దు, ఫైబర్ పగుల్తాది" అని చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయాడు.

భార్య చావు తప్పించుకున్న సంగతి చెబుతూ ఫైబర్ గురించి దిగులుపడేవాడేం మొగుడు? సుందరరాజుకు అక్కడే ముల్లు గుచ్చుకుంది.

తలుపు లోపలి అట్ట విప్పి గడియ బయటికి తీశాడు. కడ్డీని కరిచి పట్టుకోవాల్సిన ఇనుప నాలుక అంచులు గుండ్రంగా అరిగాయి. అరగడం వింత కాదు. కానీ ఆ అరుగుదల మీద తెల్లగా మెరిసే గీతలున్నాయి. ఆకురాయి గీతలు. ఈ మధ్యనే ఎవరో నాలుకను రాకి అరగదీశారు. నరసింహం ఆ మాట ఎత్తనే లేదు. సుందరరాజు చేతిలోది కింద పెట్టి, షెడ్డు తలుపు దగ్గరికేసి, మళ్ళీ చూశాడు. సందేహం లేదు.

మరునాడు పాణ్యం బస్సు దిగి ఒకామె వచ్చింది. తానే అన్నపూర్ణనని చెప్పింది. ఆ మలుపు రోజు నుంచీ పాణ్యంలో తమ్ముడింట్లోనే ఉంటోందట. కారు ఇక్కడుందని మొగుడు ఫోనులో చెప్పాడట. దుకాణం వ్యాను స్వయంగా తోలే ధైర్యస్థురాలు, కారు దగ్గరికి మాత్రం రాలేదు.

"ఒక్క మాట చెప్పప్పా. అది దానంతటదే తెరుచుకునిందా, ఎవురన్నా తెరుచుకునేట్టు చేసినారా?"

నోరు మూసుకోవాల్సింది. కానీ తన అనుమానమే ఎదుటి మనిషి నోట వినబడితే సుందరరాజు ఆగగలడా?

"ఎవురో ఆకురాయి పెట్టినారమ్మా" అని నాలుకను వెలుతురులో పెట్టి చూపించాడు.

ఆమె పమిట భుజం చుట్టూ లాక్కుని, వచ్చిన దారినే నడిచిపోయింది.

సుందరరాజు లారీ కమాను పట్టీ ముక్కతో కొత్త నాలుక చేశాడు. మరలు పట్టే చోట ఫైబర్ నలగకుండా లోపల రేకు ఆనించాడు. నరసింహం రాగానే పాత నాలుక అతని చేతిలో పెట్టి, పోలీసులా మొహం చూస్తూ నిలబడ్డాడు.

నరసింహం సిగ్గుగా నవ్వాడు. "కనిపెట్టినావా? నేనే రాకినాలే అప్పా."

"ఎందుకన్నా?"

"ఈ తలుపు గట్టిగా ఏస్తేగానీ పడదు. గట్టిగా ఏస్తే నాకు ప్రాణం పోతాది. ఒకనాడు దుకాణం ముందర, గట్టిగా ఏసిందని, జనంలో అన్నపూర్ణ మీద అరిసినా. అంతే, కారెక్కడమే మానేసింది. మెత్తగా పడితే నేను అరిసే పనే ఉండదని రాకినా. ఎట్టో బతిమాలి ఎక్కించుకుంటే, ఆపొద్దే ఇట్లయింది. నేనే చేసినానని చెప్పడానికి నోరు రాలా. నిన్నటి నుంచి ఫోన్ కూడా ఎత్తడం లేదు."

సుందరరాజు అతని చేతిలోని ముక్కను మళ్ళీ చూశాడు. అంచులు ముందే అరిగిన నాలుక. ఇంకాస్త రాకితే పట్టే వదిలేస్తుందని ఈ బట్టల కొట్టాయనకు తెలియదు. తెలిసిన తాను చేసిందేమిటి? ఒక కాపురాన్నే రాకి పెట్టాడు.

"అన్నా, ఆయమ్మ నిన్న ఈడికొచ్చింది. ఎవురో కావాలనే రాకినారన్నట్టు చెప్పినా" అన్నాడు. నరసింహం అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

ఇద్దరూ కారులోనే పాణ్యం వెళ్ళారు. సుందరరాజు ఎడమ తలుపు పక్కనే కూర్చున్నాడు. అన్నపూర్ణ గడపలోకి రాగానే అతనే ముందు నోరు విప్పాడు. "నేను తప్పు మాట చెప్పినా తల్లీ. రాకింది నిజమే, ఎందుకు రాకినాడో నేను అడగలా." కారణమంతా చెప్పాడు. తన మీద ఇంత అసహ్యం అతనికి ఎన్నడూ కలగలేదు.

ఆమె మొగుణ్ణి చూసింది. "అరవడం మానుకోవాలంటే తలుపు రాకినావా? నోరు మూసుకుంటే అయిపోయేది కదా!"

నరసింహం తల వంచాడు. "నిజమే. నాదే తప్పు."

"తాళాలియ్యి. నేను తోలుతా. నువ్వు ఆ పక్కన కూచో."

ఆ కారు తాళాలు అతను కన్నవాళ్ళకు కూడా ఇచ్చి ఎరగడు. జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎడమ సీట్లో కూర్చున్నాడు. అన్నపూర్ణ బయట నిలబడి అతని పక్క తలుపు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ధడాలున వేసింది. బండి ఊగిపోయింది. నరసింహం కళ్ళు గట్టిగా మూసుకున్నాడే గానీ, నోరు విప్పలేదు.

అలవాటు కొద్దీ సుందరరాజు చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది, గుంజి చూద్దామని.

"చాల్లేప్పా" అంది అన్నపూర్ణ. "పడింది."